64 బైట్ల పహాణీ

ఎపిసోడ్‌లో టైం చాలక వదిలేసిన చరిత్ర ఇది.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది. పాత ల్యాప్‌టాప్‌లు చాలావరకు విండోస్ 11 ఎక్కించుకోవు. అందుకే ఇక్కడ అల్ ఖూజ్ క్యాంపు గదుల్లో విండోస్ పక్కనే లినక్స్ పెట్టుకునే తమ్ముళ్లు కనబడుతున్నారు. అంతా బాగుంటే సరే. ఒకరోజు ఆన్ చేస్తే రెండూ రావు. షాపుకి తీసుకెళ్తే మొదటి మాట 'ఫార్మాట్ కొడదాం'. ఆ డిస్క్‌లో పిల్లల ఫొటోలు ఉంటాయి, వెళ్లలేకపోయిన చావు తాలూకు వీడియో ఉంటుంది.

రెండు సిస్టమ్‌లు ఒకే డిస్క్‌లో ఉండటం కొత్త ముచ్చట అనుకుంటాం. కాదు, టేబుల్ పుట్టిందే దానికోసం. 1983లో ఐబీఎం 10 ఎంబీ హార్డ్‌డిస్క్‌తో పీసీ ఎక్స్‌టీ తెచ్చింది, దాంతోపాటే డాస్ 2.0 వచ్చింది. డాస్ పక్కన వేరే సిస్టమ్ కూడా బతకాలని డిస్క్‌ను నాలుగు ముక్కల దాకా చేసుకోనిచ్చారు. ఆ లెక్కంతా మొదటి సెక్టార్‌లోనే. మొత్తం 512 బైట్లు: బూట్ కోడ్‌కి 446, టేబుల్‌కి 64, చివర గుర్తుకి 2. ఒక్కో ముక్కకి 16 బైట్లు, ఎక్కడ మొదలు, ఎంత పొడవు లాంటి వివరాలు. రెండో కాపీ మాత్రం పెట్టలేదు. ఊరి పహాణీ ఒకే ప్రతి రాసి పట్వారీ ఇంట్లో పెట్టినట్టు.

పహాణీ కాలిపోతే పొలం కాలిపోదు కదా. హద్దు రాళ్లు అక్కడే ఉంటాయి. విండోస్ ముక్క మొదట్లో ఎన్టీఎఫ్ఎస్ అనే అక్షరాలు ఉంటాయి, దాని చివర ఇంకో కాపీ ఉంటుంది. లినక్స్ ముక్కకి సూపర్‌బ్లాక్ ఉంటుంది, దానికీ కాపీలున్నాయి. 1998లో క్రిస్టోఫ్ గ్రెనియే మొదలుపెట్టిన టెస్ట్‌డిస్క్ చేసేది ఇదే: డిస్క్ పొడుగునా నడిచి రాళ్లు వెతికి పహాణీ తిరిగి రాస్తుంది. పైసా ఖర్చు లేదు.

మొన్న పక్క గది తమ్ముడి ల్యాప్‌టాప్‌కి ఇదే చేశాం. లైవ్ యూఎస్‌బీతో లేపి, ముందు డిస్క్ మొత్తాన్ని బయటి డ్రైవ్‌లోకి ఇమేజ్ తీసుకున్నాం. తర్వాత అనలైజ్, క్విక్ సెర్చ్. ముక్క మీద 'పి' నొక్కితే ఫోల్డర్ల పేర్లు కనబడ్డాయి. అప్పుడే రైట్. పేర్లు కనబడకుండా రైట్ నొక్కొద్దు.

ఒక తేడా గమనించండి. విండోస్ మళ్లీ ఎక్కించాక లినక్స్ మెనూ మాయమైతే సాధారణంగా టేబుల్ పోలేదు, బూట్ దారి మాత్రమే మారింది. దానికి గ్రబ్ తిరిగి పెడితే చాలు. అది తెలియక 'మొత్తం డిస్క్ వాడు' అని నొక్కినవాళ్లకే అసలు నష్టం.

ఇంటెల్ 1990ల చివర్లో ఈఎఫ్ఐ పని మొదలుపెట్టింది, జీపీటీ అందులోంచే వచ్చింది. పాత టేబుల్ 2 టీబీ దగ్గర ఆగిపోయేది, ఇది ఆగదు. నాకు నచ్చింది మాత్రం వేరే: టేబుల్ కాపీ డిస్క్ చివర కూడా ఉంటుంది. రెండో ప్రతి రాయాలన్న బుద్ధి రావడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది! 2012లో విండోస్ 8తో వచ్చిన ల్యాప్‌టాప్‌ల నుంచి దాదాపు అన్నింటిలో ఇదే.

డిస్క్ టక్‌టక్ అంటుంటే మాత్రం ఇవేవీ చేయొద్దు, వెంటనే ఆపేయండి. ఎస్ఎస్‌డీ అయితే షాపువాడి ఫార్మాట్‌కి అస్సలు ఒప్పుకోవద్దు. ఫార్మాట్‌తోపాటు ట్రిమ్ నడిస్తే రాళ్లతోపాటు పొలం కూడా పోతుంది, టెస్ట్‌డిస్క్‌కి దొరికేది ఏమీ ఉండదు.