వేషాలు మార్చింది ఎవరు?

విజయనగరంలో కంటోన్మెంట్ అనే పేరు ఒక పేటకు ఇప్పటికీ మిగిలి ఉంది. గురజాడ 'కన్యాశుల్కం' 1892లో మొదట ఆ ఊళ్ళోనే ఆడారు. మధురవాణి మాటకారితనం గురించి మనం చాలా రాసుకున్నాం. మధురవాణి లాంటి ఆడవాళ్ళ శరీరాలను ఆనాటి చట్టం ఎలా చూసిందో మాత్రం తక్కువగా మాట్లాడుకున్నాం. ఆ చట్టాన్ని గనేరియా బాక్టీరియా పక్కన పెట్టి చదివితే నాకు కొన్ని సంగతులు స్పష్టంగా కనిపించాయి.

1864 కంటోన్మెంట్ చట్టం, 1868 అంటురోగాల చట్టం సైనికుల ఆరోగ్యం పేరుతో వేశ్యలను రిజిస్టర్లకెక్కించాయి. బళ్ళారి, సికింద్రాబాద్ లాంటి చోట్ల లాక్ హాస్పిటళ్ళు నడిచాయి. బలవంతపు పరీక్షలు, రోగముందంటే నిర్బంధం. ఆ రిజిస్టర్లలో ఉన్నవి ఆడవాళ్ళ పేర్లే.

గనేరియాకు కారణమైన బాక్టీరియాను నైసర్ గుర్తించింది 1879లో. అంతవరకూ దేనికోసం వెతుకుతున్నారో వైద్యులకే తెలియదు. పైగా ఈ రోగం సోకిన ఆడవాళ్ళలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. మగవాళ్ళలో ఎక్కువమందికి బయటపడుతుంది. బయటపడిన చోట చికిత్స, బయటపడని చోట శిక్ష!

ఇంతకీ ఈ బాక్టీరియా చేసే పనేమిటి? దాని ఒంటిమీద పైలస్ అనే సన్నని పోగులుంటాయి. వాటితో మన కణాలను పట్టుకుంటుంది. ఆ పోగును తయారుచేసే జన్యువు పిల్-ఈ. దాని పోలికలతో, తమంతట తాము పనిచేయని పిల్-ఎస్ ముక్కలు పదికి పైగా ఉంటాయి. వాటిలో ఒకదాని నకలు వచ్చి పిల్-ఈలో అతుక్కుంటే పోగు రూపం మారిపోతుంది. ఓపా అనే మరో రకం ప్రొటీన్లకు పదకొండు దాకా జన్యువులున్నాయి. వాటిలో ఒకే అయిదక్షరాల వరుస పదేపదే వస్తుంది. నకలు తీసేటప్పుడు ఆ లెక్క ఒకటి అటూఇటూ అయితే జన్యువు ఆగిపోతుంది, లేదా ఆగినది మొదలవుతుంది. మన ఒంట్లో ఒక రూపానికి ప్రతిరక్షకాలు తయారయ్యేలోగా ఇంకో రూపం వచ్చేస్తుంది. ఒకసారి తగ్గిన గనేరియా మళ్ళీ సోకడానికి ఇదొక ముఖ్య కారణం. ఈ వేషాల మార్పు ఆడ ఒంట్లోనూ మగ ఒంట్లోనూ జరిగేదే.

1888లో అంటురోగాల చట్టం రద్దయింది. కన్యాశుల్కం ఆడిన 1892లోనే ఎలిజబెత్ ఆండ్రూ, కాథరిన్ బుష్నెల్ అనే అమెరికన్ స్త్రీలు ఉత్తరాది కంటోన్మెంట్లు తిరిగారు. పరీక్షలు ఇంకా సాగుతూనే ఉన్నాయని చూసి బయటపెట్టారు. చట్టం పేరు పోయినా పని ఆగలేదు.

చికిత్స అందని గనేరియా గర్భాశయ నాళాలను మూసేసి పిల్లలు పుట్టకుండా చేయగలదు. నేను చూసినంతలో మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పిల్లలు లేకపోతే మొదట ఆస్పత్రికి వెళ్ళేది భార్య. గొడ్రాలు అనే మాట పడేదీ ఆమే. మొగుడికి పరీక్ష చెయ్యమని అడిగే ధైర్యం ఎంతమందికుంది? లాక్ హాస్పిటళ్ళ చరిత్రను మనం రాయాలి. ఆ ప్రశ్నను ఇళ్ళల్లో అడగడం కూడా అందులో భాగమే.