గణనగా జీవం, జీవ పరిణామం

జీవకణంలో జరిగే పనులనూ, తరతరాలుగా సాగే జీవ పరిణామాన్నీ, సమాచారాన్ని నియమాల ప్రకారం మార్చుకుంటూ పోయే ప్రక్రియలుగా, అంటే గణనలుగా చూసే శాస్త్ర దృక్పథం ఇది. నిజానికి ఇందులో రెండు వాదాలున్నాయి. కణం తన డీఎన్ఏలోని సమాచారాన్ని చదువుకుని దాని ప్రకారం నడుస్తుందనేది మొదటిది. ప్రకృతి వరణం కూడా ఒక రకమైన అన్వేషణే అనేది రెండోది. మొదటిదానికి ప్రయోగశాలల్లో కావలసినంత ఆధారం దొరికింది. రెండోదాని మీద చర్చ ఇంకా తెగలేదు. జనరంజక రచనలు ఈ రెంటినీ తరచు కలగాపులగం చేస్తుంటాయి.

వాన్ న్యూమన్ వేసిన ప్రశ్న

1936లో ఆలన్ ట్యూరింగ్ ఊహించిన యంత్రం ఒక టేపు మీది గుర్తులను చదువుతూ, చెరుపుతూ, రాస్తూ, లెక్కించడానికి వీలున్న దేన్నయినా లెక్కించగలదు. అయితే అది గుర్తులను పుట్టిస్తుందే గాని ఇంకో యంత్రాన్ని పుట్టించదు. హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన గణితవేత్త జాన్ వాన్ న్యూమన్‌ను ఆకర్షించింది ఈ తేడాయే. యంత్రం తనంత సంక్లిష్టమైన యంత్రాన్ని, లేదా తనను మించినదాన్ని తయారుచెయ్యగలదా అన్న ప్రశ్నను ఆయన 1948లో కాలిఫోర్నియాలోని పాసడీనాలో జరిగిన హిక్సన్ సదస్సులో చర్చకు పెట్టాడు.

పైకి ఇది అసాధ్యంగా తోస్తుంది. యంత్రం తన నిర్మాణ వివరాన్ని తనలోనే దాచుకోవాలంటే, ఆ వివరంలో ఆ వివరం గురించి కూడా ఉండాలి, అందులో మళ్లీ ఇంకొకటి ఉండాలి. దీనికి అంతుండదు. వాన్ న్యూమన్ ఈ చిక్కుముడిని విప్పిన తీరు చాలా సరళం. ఒకే వివరాన్ని రెండు రకాలుగా వాడమన్నాడు. ముందు దాన్ని ఆదేశాలుగా చదివి కొత్త యంత్రాన్ని కట్టాలి. తర్వాత, అందులో ఏముందో పట్టించుకోకుండా, ఉన్నదున్నట్టు నకలు తీసి కొత్త యంత్రంలో పెట్టాలి. నకలులో దొర్లిన తప్పు తర్వాతి తరానికి సంక్రమిస్తుంది. జీవశాస్త్రంలో దాని పేరు ఉత్పరివర్తన.

వాట్సన్, క్రిక్ డీఎన్ఏ నిర్మాణాన్ని ప్రకటించింది 1953లో. కణం చేసే పని కూడా సరిగ్గా ఇదేనని ఆ తర్వాతి పరిశోధనల్లో తేలింది. డీఎన్ఏ పాలిమరేజ్ అనే ఎంజైము భావంతో పనిలేకుండా నకలు తీస్తుంది. రైబోజోము డీఎన్ఏ నుంచి తీసిన ఆర్ఎన్ఏ ప్రతిని భావం ప్రకారం చదివి ప్రోటీన్ కడుతుంది. తర్కం ముందు నడిచి, ప్రయోగం వెనక వచ్చిన సందర్భాలు జీవశాస్త్రంలో అరుదు. ఈ దృక్పథానికి ఇంతకన్నా బలమైన సమర్థన ఇప్పటికీ లేదు. వాన్ న్యూమన్ 1957లో మరణించాక, ఆయన సగంలో వదిలిన రాతప్రతిని ఆర్థర్ బర్క్స్ పూర్తిచేసి 1966లో అచ్చువేయించాడు.

కణంలో తర్కం

డీఎన్ఏలో నాలుగే అక్షరాలు. మూడేసి చొప్పున చదివితే 64 మాటలవుతాయి. వాటిలో 61 మాటలు 20 అమైనో ఆమ్లాలను సూచిస్తాయి, మిగిలిన 3 ‘ఇక్కడ ఆపు’ అని చెబుతాయి. ఈ నిఘంటువును ఛేదించినందుకే హరగోవింద్ ఖొరానా, మార్షల్ నిరెన్‌బర్గ్, రాబర్ట్ హోలీలకు 1968లో నోబెల్ బహుమతి వచ్చింది. మానవ జన్యురాశిలో సుమారు 310 కోట్ల క్షార జతలు (అక్షరాల జతలు) ఉన్నాయి. జతకు 2 బిట్ల చొప్పున లెక్కిస్తే 775 మెగాబైట్లు దాటదు. ఈ అంకె చూసి మనిషింతేనా అనుకోనక్కర్లేదు, దాన్ని చదివే కణం ఈ లెక్కలోకి రాలేదు.

కణం సమాచారాన్ని చదవడంతో ఆగదు, పరిస్థితిని బట్టి నిర్ణయం కూడా తీసుకుంటుంది. ఈ.కోలై బ్యాక్టీరియా లాక్టోజ్ చక్కెరను అరిగించే ఎంజైములను పెద్ద ఎత్తున తయారుచేసేది లాక్టోజ్ అందుబాటులో ఉండి, గ్లూకోజ్ లేనప్పుడే. లాక్టోజ్ లేనప్పుడు ఒక నిరోధక ప్రోటీన్ జన్యువులను ఎలా మూసి ఉంచుతుందో ఫ్రాన్స్‌వా జాకబ్, జాక్ మొనో 1961లో వివరించారు. రెండు షరతులు కలిసి ఒక ఫలితాన్నిచ్చే ఈ ఏర్పాటును కంప్యూటర్ ఇంజనీరు చూడగానే ఒక తార్కిక క్రియగా గుర్తుపడతాడు.

అన్వేషణగా పరిణామం

100 అమైనో ఆమ్లాల గొలుసును 20 అమైనో ఆమ్లాలతో పేర్చే విధానాలు 1 పక్కన 130 సున్నాలు పెట్టినన్ని ఉంటాయి. వాటన్నిటినీ ప్రయత్నించి చూడడం ప్రకృతికి కూడా సాధ్యం కాదు. మరి సంక్లిష్టమైనవి ఎలా పుట్టుకొచ్చాయి?

దీన్ని పరీక్షించడానికి లెన్‌స్కీ, ఆఫ్రియా, పెనాక్, అడామీ అనే పరిశోధకులు 2003లో ‘అవిడా’ అనే సాఫ్ట్‌వేర్‌ను వాడారు. అందులో తమను తాము నకలు తీసుకునే చిన్న ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి పోటీపడతాయి, నకళ్లలో తప్పులు దొర్లుతుంటాయి. సరళమైన తార్కిక క్రియలకు కూడా ప్రతిఫలం ఇచ్చినప్పుడు, 50 సమూహాల్లో 23 అత్యంత క్లిష్టమైన క్రియను సాధించాయి. ఆ మధ్య మెట్లకు ప్రతిఫలం తీసేస్తే 50లో ఒక్కటీ సాధించలేదు. విజయానికి దారితీసిన వంశక్రమాల్లో, పుట్టినప్పుడు హాని చేసిన ఉత్పరివర్తనలు కూడా కొన్ని కనిపించాయి. 2009లో కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ వాలియంట్ ఇదే ప్రశ్నను గణితంగా మలిచాడు. పరిమితమైన జనాభాతో, పరిమితమైన తరాల్లో ఏయే ప్రవర్తనలు పరిణమించగలవు అన్నది ఆయన సిద్ధాంత విషయం. పరిణామాన్ని ఆయన అభ్యసనంలో ఒక పరిమిత రూపంగా చూశాడు.

అభ్యంతరాలు

అన్వేషణ అన్న మాటకు ముందే గమ్యం ఉండాలి. పరిణామానికి అలాంటి గమ్యమేదీ లేదు. పైగా జీవులు తమ పరిసరాలను తామే మార్చేస్తాయి కనుక గెలుపు నియమాలు కూడా స్థిరంగా ఉండవు. అవిడాలో బహుమతులు నిర్ణయించింది మనుషులే. కణం విషయంలో అభ్యంతరం వేరు. కంప్యూటర్‌లో ప్రోగ్రామును యంత్రం నుంచి విడదీయవచ్చు. డీఎన్ఏ మాత్రం ఒంటరిగా ఏ పనీ చెయ్యదు, తల్లి కణం నుంచి రైబోజోములూ పొరలూ కూడా వారసత్వంగా రావాలి.

ఇంకో విమర్శ ఇంతకన్నా పదునైనది. కింద పడే రాయి కూడా నియమాల ప్రకారమే పడుతుంది కదా, దాన్నీ గణన అనాలా? దీనికి జవాబు జన్యు సంకేతంలోనే ఉంది. రాయి పడే తీరుకు మరో మార్గం లేదు. మూడక్షరాల మాటకూ అమైనో ఆమ్లానికీ ఉన్న బంధం మాత్రం వాటి మధ్య నిలిచే ఆర్ఎన్ఏ అణువుల, ఎంజైముల ఏర్పాటు మీద ఆధారపడింది, ఆ ఏర్పాటు మారితే అర్థమూ మారుతుంది. మన కణాల కేంద్రకంలోని జన్యువులకు ‘యూజీఏ’ అంటే సాధారణంగా ‘ఆపు’ అని అర్థం. అదే కణాల్లోని మైటోకాండ్రియా ఆ మూడక్షరాలనే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లంగా చదువుతుంది.