నామకరణము: జహీరాబాదు సీమలో పేర్ల చరిత్ర



ప్రసవకాలము సమీపించిన యింట తొట్టెల కట్టుటకు ముందే ఒక చర్చ మొదలగును. బిడ్డకు ఏమి పేరు పెట్టవలెను? తల్లికి రెండక్షరముల క్రొత్త పేరు కావలెను. తాతగారికి ఇంటి దైవము పేరే కావలెను. పంచాంగము చూచి మొదటి అక్షరము చెప్పుడని మా వద్దకు వచ్చువారును కలరు. అట్లు వచ్చిన ఒక యువదంపతులు, "మా నాయనమ్మ పేరు పెంటమ్మ. ఆడపిల్ల పుట్టినచో ఆ పేరే పెట్టుడని మా పెదనాయన పట్టుబట్టినాడు. అది ఒక పేరా అయ్యగారూ?" అని కొంత సిగ్గుపడుచు అడిగినారు. వారికి సమాధానము చెప్పుటకు మేము చరిత్రలో కొంత దూరము వెనుకకు పోవలసి వచ్చినది.

నామకరణము షోడశ సంస్కారములలో ఒకటి. పారస్కర గృహ్యసూత్రము పదవనాడు పేరు పెట్టుమన్నది. మగబిడ్డ పేరు రెండు గాని నాలుగు గాని అక్షరములు కలిగి, గ, జ, ద, బ వంటి నాదముగల హల్లుతో మొదలై, నడుమ య, ర, ల, వ లలో ఒకటి ఉండవలెనట. ఆడబిడ్డ పేరునకు బేసి అక్షరములు, చివర ఆకారము. స్త్రీల పేర్లు సుఖముగా పలుకదగినవై, మంగళకరములై, దీర్ఘముతో ముగియవలెనని మనుస్మృతి చెప్పుచున్నది. క్రీ.పూ. 2వ శతాబ్దమునాటి పతంజలి మహర్షి తన మహాభాష్యపు తొలి ఆహ్నికములోనే ఈ నియమమును ప్రస్తావించెను. వ్యాకరణము ఎందులకు చదువవలెనన్న ప్రశ్నకు ఆయన చూపిన కారణములలో ఇదియు ఒకటి. కృత్ప్రత్యయమేదో తద్ధితమేదో తెలియనివాడు కొడుకునకు పేరైనను సరిగా పెట్టలేడని ఆయన వాదము. నేటి తండ్రులలో ఎందరు ఈ పరీక్షలో నెగ్గుదురో చెప్పలేము!

ఇక నక్షత్రాక్షరముల మాట. 27 నక్షత్రములు, ఒక్కొక్కదానికి 4 పాదములు, వెరసి 108 అక్షరములు. వీనిలో ఆరుద్ర మూడవ పాదమునకు వచ్చునది 'ఙ'. హస్త మూడవ పాదమునకు 'ణ', నాలుగవదానికి 'ఠ'. 'ఙ'తో మొదలగు పేరు పెట్టి ఏ తల్లి బిడ్డను పిలువగలదు? పిలుపు పేరు వేరు, నక్షత్రనామము వేరు అని తెలిసినచో ఈ చిక్కు లేదు. ధర్మశాస్త్ర నిబంధకారులు ఒక బిడ్డకు నాలుగు పేర్లు చెప్పియున్నారు: దేవతానామము, మాసనామము, నాక్షత్రనామము, వ్యావహారికనామము. మార్గశిరమున పుట్టినవానికి మాసనామము కృష్ణుడు. కనుక ఒక్క పేరులోనే అందరి కోరికలను ఇరికించి తగవులాడుకొనవలసిన అగత్యము శాస్త్రదృష్టిలో ఎన్నడును లేదు.

శాస్త్రము ఇట్లుండగా, మన సీమలో జనులు పెట్టుకొన్న పేర్లకు వేరొక చరిత్ర కలదు. జహీరాబాదు తాలూకా 1956 వరకు బీదరు జిల్లాలోనిది. ఆ సంవత్సరపు రాష్ట్రముల పునర్విభజనలో మెదకు జిల్లాకును, 2016లో సంగారెడ్డి జిల్లాకును చేరినది. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ ఒకే సంతలో వినవచ్చు చోటు ఇది. అందువలననే ఇక్కడ ఒకే దేవుని పేరు ఒక యింట 'అయ్య'తోను, పక్కయింట 'అప్ప'తోను, ఆ పైయింట 'రావు'తోను ముగియుచుండును.

ఝరాసంగమున వెలసిన కేతకీ సంగమేశ్వరస్వామి పేరిట సంగయ్యలు, సంగప్పలు, సంగమ్మలు ఎందరో కలరు. పడమట కల్యాణములో 12వ శతాబ్దమున బిజ్జలుని కొలువున నున్న బసవేశ్వరుని పేరిట బసప్పలు, బసమ్మలు, బస్వరాజులు వచ్చిరి. ఆయన పేరే ఒక మొక్కు ఫలము. తల్లి మాదాంబ సంతానమునకై నందికేశ్వరుని నోము పట్టినదని పాల్కురికి సోమనాథుడు తెలుగు ద్విపదలో బసవపురాణమున చెప్పెను. బసవడనగా నందియే. హుమ్నాబాదు చెంత మాణిక్‌నగరమున 1865లో సమాధి చెందిన మాణిక్‌ప్రభు మహారాజు పేరిట మాణిక్‌రావులు, మాణిక్యప్పలు, మాణిక్యమ్మలు కలిగిరి. పేరు వినినంతనే ఆ తల్లి ఏ గడప ముందు కొంగు చాచినదో తెలియును.

దేవుని పేరు పెట్టుట వెనుక నున్న భావము మీరెరిగినదే. భాగవతము షష్ఠస్కంధమున అజామిళుడు అవసానకాలమున కడగొట్టు కొడుకును "నారాయణా" అని పిలిచి తరించెను. పోతనగారి భాగవతములో ఈ స్కంధమును తెనిగించినవాడు ఏర్చూరి సింగన. కొడుకును పిలుచుటయే జపమైన కథ అది.

మరి పెంటమ్మ? ఈ పేరు ఏ గ్రంథమునందును లేదు. పుట్టిన బిడ్డలు వరుసగా చనిపోయిన యింట తరువాత పుట్టినదానిని ఊరి పెంటకుప్పపై ఒకమారు పరుండబెట్టి, ఎవరో పారవేసిన బిడ్డను ఎత్తుకొన్నట్లు ఇంటికి తెచ్చుకొనెడివారు. ఇది మా బిడ్డ కాదు, దీనిపై నీకేమి పని అని మృత్యువునకు చెప్పుట అది. ఎంగిలి విస్తరాకులలో పొర్లించినచో పుల్లయ్య, పుల్లమ్మ. పరులనుండి భిక్షగా స్వీకరించినచో భిక్షపతి, బిచ్చమ్మ. బంగారు ఉంగరముతో బియ్యములో ఏ ముద్దుపేరో వ్రాయవలసిన చేతితో అట్టి పేరు పెట్టిన తల్లి ఎంత భయపడియుండునో ఊహింపుడు. 1971లో కూడ మన దేశమున పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో 129 మంది ఏడాది నిండకయే పోయిరి. 2020 నాటికి ఆ సంఖ్య 28కి దిగినది. అట్టి పేర్ల అవసరము తీరిపోవుట భగవదనుగ్రహమే. కాని వానిని మోటు పేర్లని నవ్వుట మాకు సమ్మతము కాదు.

ఆ దంపతులకు మేము చెప్పినది ఇంతే. పిలుపు పేరు మీ యిష్టము. జననమును 21 దినములలో నమోదు చేయింపుడు. పేరు తోచనిచో ఏడాదిలోగా రుసుము లేకుండ చేర్చుకొనవచ్చును, తొందర లేదు. క్రొత్తదియు మన క్షేత్రమునకు చెందినదియు కావలెనన్నచో కేతకి అను పేరు కలదు. అసత్యసాక్ష్యము వలన శివపూజకు పనికిరాకపోయిన ఆ మొగలిపువ్వును ఝరాసంగములో మాత్రము స్వామి స్వీకరించుచున్నాడు. దేవతానామముగా సంగమేశ్వరుని పేరు చెవిలో చెప్పుడు. పెదనాయన తగవు అంతటితో తీరును. అయితే తొట్టెలనాడు నాయనమ్మను పీటపై కూర్చుండబెట్టి, ఆమెకు ఆ పేరు ఎందులకు వచ్చినదో అందరి ఎదుట చెప్పుమని అడుగుడు అంటిమి.

వారికి ఆడపిల్లయే కలిగినది. ఆనాడు ఆ వృద్ధురాలు, "నాకు ముందు నలుగురు" అని, వారిలో పేరు పెట్టువరకు బ్రతికిన ఇద్దరి పేర్లు చెప్పినదట.