రేషన్ జాబితా వెనక ముప్పై ఏళ్లు

1992లో కంబోడియాలో ఎన్నికలు జరిపించడానికి ఐక్యరాజ్యసమితి పంపిన బలగం ఇరవై వేలకు పైమాటే. వాళ్లతో పాటు డాలర్లూ దిగాయి. ఏడాది తిరక్కుండానే నాంఫెన్‌లో వ్యభిచార గృహాలు వీధివీధినా వెలిశాయి. శాంతి దళం వాళ్లు ఆడవాళ్లను వేధిస్తున్నారంటూ స్థానికులు, విదేశీ సాయ కార్యకర్తలు కలిసి ఒక బహిరంగ లేఖ రాశారు. మిషన్ అధిపతి యసుషి అకాషి స్పందన ఈనాటికీ ఉదహరిస్తుంటారు. కుర్రకారు కదా, వయసు అలాంటిది, చూసీచూడనట్టు పోవాలన్నది దాని సారం. తర్వాత సిబ్బందికి సలహాలైతే వెళ్లాయి: ఆ ఇళ్ల ముందు ఐరాస తెల్లబండ్లు నిలపొద్దు, యూనిఫాంలో వెళ్లొద్దు.

వెళ్లొద్దని మాత్రం అనలేదు.

ఈ ముప్పై ఏళ్లలో నియమాలకు కరువు లేదు. తీర్మానాలు, బులెటిన్లు, శిక్షణ తరగతులు, హాట్‌లైన్లు అన్నీ వచ్చాయి. ఇందులో నన్ను వదలని విషయం ఒక్కటే. ఈ వ్యవస్థ తన తప్పును తనంతట తాను పట్టుకున్న సందర్భాలు బహు తక్కువ. మిగతా ప్రతిసారీ ఒక విలేఖరో, కాగితం బయటికి చేరవేసిన ఒక అధికారో, ఉద్యోగం పోగొట్టుకున్న ఒక పోలీసమ్మో కావలసివచ్చింది.

మొదట్లో ఇది సాయ సంస్థల తలకే తట్టలేదు. రెడ్‌క్రాస్, స్వచ్ఛంద సంస్థలు 1994లో కలిసి రాసుకున్న ప్రవర్తనా నియమావళిలో పది సూత్రాలున్నాయి. నిష్పాక్షికత ఉంది, దాతలకు జవాబుదారీతనం ఉంది, స్థానిక సంస్కృతిని గౌరవించడం ఉంది. లైంగిక దోపిడీ గురించి ఒక్క ముక్క లేదు. 1996లో పిల్లలపై యుద్ధ ప్రభావం గురించి గ్రాసా మషెల్ ఐరాసకు నివేదిక ఇచ్చారు. శాంతి దళాలు దిగిన చోట బాలికల వ్యభిచారం పెరుగుతోందని అందులో సూటిగా రాశారు. నివేదికను అందరూ మెచ్చుకున్నారు, పనులు మాత్రం పాత పద్ధతిలోనే సాగాయి. బోస్నియాలో అంతర్జాతీయ పోలీసు దళంలో పనిచేసిన అమెరికన్ పోలీసు కాథరిన్ బోల్కోవాక్, అమ్మాయిల అక్రమ రవాణాలో సహోద్యోగుల పాత్ర ఉందని పైవాళ్లకు రాసింది. ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు. 2002లో బ్రిటన్‌లోని ఉద్యోగుల ట్రిబ్యునల్ ఆమె పక్షాన తీర్పు చెప్పింది.

అసలు మలుపు పశ్చిమ ఆఫ్రికాలో వచ్చింది. 2001 అక్టోబరు, నవంబరు నెలల్లో గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ శిబిరాల్లో ఐరాస శరణార్థుల సంస్థ, సేవ్ ద చిల్డ్రన్ యూకే కలిసి ఒక పరిశీలన చేయించాయి. శిబిరాల్లో పిల్లలపై జరుగుతున్న హింస ఎలాంటిదో తెలుసుకోవడమే ఉద్దేశం. పరిశీలకులు దాదాపు 1,500 మంది పిల్లలతో, పెద్దలతో కూర్చుని మాట్లాడారు. హింస అంటే సాయుధ మూకల గురించి చెబుతారనుకుంటే, వాళ్లు రేషన్ పంచేవాళ్ల గురించి కూడా చెప్పారు.

నెలకు సరిపడాలని ఇచ్చిన రేషన్ నెలాఖరుదాకా వచ్చేది కాదు. కార్డులో పేరు లేకపోతే అదీ లేదు. గోధుమ నూక, నూనె, సబ్బు, గుడిసె మీద కప్పుకునే ప్లాస్టిక్ పట్టా, రేషన్ కార్డు, చివరికి బిస్కెట్లు. వీటిలో ఏది కావాలన్నా 13 నుంచి 18 ఏళ్ల ఆడపిల్లలు ఏం ఇచ్చుకోవలసి వస్తోందో ఆ సంభాషణల్లో బయటపడింది. 40కి పైగా సంస్థల్లో పనిచేసే 67 మందిపై ఆరోపణలు వచ్చాయి. వారిలో ఎక్కువమంది స్థానికంగా చేర్చుకున్న మగ ఉద్యోగులు. ఇంట్లో పెద్దవాళ్లకు తెలియదా అంటే, తెలిసి కళ్లు మూసుకున్న ఇళ్లూ ఉన్నాయి. పొయ్యి మీదికి ఏదో ఒకటి రావాలి కదా.

2002 ఫిబ్రవరిలో ఈ వివరాలు వెల్లడయ్యాక ఐరాస అంతర్గత దర్యాప్తు విభాగం రంగంలోకి దిగింది. నిర్దిష్ట ఆరోపణల్లో చాలావాటిని రుజువు చేయలేకపోయామనీ, దోపిడీ మాత్రం వాస్తవమేననీ అదే ఏడాది అక్టోబరులో తేల్చింది. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కనే ఉండటాన్ని చాలామంది వైరుధ్యం అన్నారు. నాకు అలా అనిపించదు. నిందితుడి పేరు పలికితే వచ్చే నెల రేషన్ ఏమవుతుందో తెలియని పదిహేనేళ్ల పిల్ల, దర్యాప్తు అధికారి ఎదుట ఆ పేరు పలకదు. తుపాను వెలిశాక పునరావాస కేంద్రంలో టోకెన్ కోసం నిలబడినవాళ్లెవరికైనా ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ పూటకు జాబితా రాసేవాడు కలెక్టరుకన్నా పెద్ద.

నియమాలు మాత్రం వేగంగానే వచ్చాయి. 2002లో సాయ సంస్థల ఉమ్మడి వేదిక ఆరు మూల సూత్రాలు రూపొందించింది. 2003 అక్టోబరులో ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ పేరిట బులెటిన్ వెలువడింది. పద్ధెనిమిదేళ్లు నిండనివారితో ఏ రకమైన లైంగిక చర్యా కూడదు, ఆ దేశపు చట్టం ఏం చెప్పినా సరే. వయసు తెలియక పొరబడ్డానంటే కుదరదు. డబ్బు, ఉద్యోగం, వస్తువులు, సాయం ఎరగా చూపి సంబంధం పెట్టుకోకూడదు. తోటి ఉద్యోగి మీద అనుమానం కలిగినా ఫిర్యాదు చేసితీరాలి. ఎవరైనా చదివి బాగుందనే అంటారు. అయితే సాయం ఇచ్చేవాడికీ పుచ్చుకునే మనిషికీ మధ్య ‘ఇష్టపూర్వక’ సంబంధాల దగ్గరికి వచ్చేసరికి కలం కాస్త తడబడింది. అలాంటివి మంచివి కావని గట్టిగా చెప్పి ఊరుకున్నారు. సాయ సంస్థల సూత్రాల్లో ఆ చోట నిషేధం అన్న మాట పడటానికి 2019 దాకా పట్టింది. పదిహేడేళ్లు!

ఈలోగా శాంతి దళాల వైపు మరో చిక్కు. 2004లో కాంగోలోని బునియాలో దర్యాప్తు చేస్తే, ఒకటి నుంచి మూడు డాలర్లకో, కాస్త తిండికో ఆడపిల్లలను సైనికులు వాడుకున్న వైనం బయటపడింది. మరుసటి ఏడాది జోర్డాన్ రాయబారి ప్రిన్స్ జైద్ ఇచ్చిన నివేదిక అసలు ముడి ఎక్కడుందో చూపింది. తప్పు చేసిన సైనికుణ్ని ఐరాస ఇంటికి పంపగలదే గానీ విచారించలేదు. ఆ అధికారం అతణ్ని పంపిన దేశానిదే. హైతీలో ఉన్న శ్రీలంక సైనికుల్లో వంద మందికి పైగా 2007లో వెనక్కి పంపేశారు. అందులో ఒక్కరూ జైలుకు వెళ్లలేదని పదేళ్ల తర్వాత అసోసియేటెడ్ ప్రెస్ రాసింది.

మన దేశానికీ ఇందులో రెండు ముఖాలున్నాయి. 2007లో ప్రపంచంలోనే మొదటిసారిగా పూర్తి మహిళా పోలీసు దళాన్ని లైబీరియాకు పంపింది భారతదేశమే. ఆ కీర్తిని పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కించినా తప్పులేదు. కాంగోలో పనిచేసి వచ్చిన భారత సైనికులపై లైంగిక దోపిడీకి ప్రాథమిక ఆధారాలున్నాయని ఐరాస ప్రకటించింది మరుసటి ఏడాదే. మొదటి సంగతి మనకు గుర్తున్నంతగా రెండోది లేదు.

మధ్య ఆఫ్రికా గణతంత్రం ఉదంతం వీటన్నిటికీ పరాకాష్ఠ. 2013 చివర్లో బాంగీ నగరంలో మతకల్లోలాలు చెలరేగితే వేల కుటుంబాలు ఎంపోకో విమానాశ్రయం చుట్టూ చేరాయి. తుక్కు విమానాల రెక్కల కింద దుప్పట్లు కట్టుకుని కాపురాలు పెట్టారు. కాపలాకు ఫ్రెంచి సైనికులు. ఆకలితో తనిఖీ కేంద్రం దగ్గరికి వెళ్లిన చిన్నపిల్లలు, ప్రధానంగా మగపిల్లలు, సైనికుల రేషన్ పొట్లాల కోసం ఏం భరించారో 2014 వేసవిలో ఒక ఐరాస ఉద్యోగిని వాళ్ల నోటనే విని రాసుకుంది. ఆ కాగితాలు ఒక కార్యాలయం నుంచి ఇంకో కార్యాలయానికి తిరిగాయి. జెనీవాలోని సీనియర్ అధికారి ఆండర్స్ కొంపాస్ వాటిని ఫ్రాన్స్ ప్రభుత్వానికి అందజేశారు. 2015 ఏప్రిల్‌లో సస్పెండైంది ఎవరనుకున్నారు? కొంపాసే. కెనడా మాజీ న్యాయమూర్తి మారీ దెషాం నాయకత్వంలోని సంఘం ఆ ఏడాది చివర విచారణ ముగించి, దీన్ని సంస్థాగతమైన ఘోర వైఫల్యంగా తేల్చింది. కొంపాస్ నిర్దోషిగా బయటపడ్డారు, కొన్నాళ్లకు ఉద్యోగం వదిలేశారు. ఫ్రాన్స్‌లో ఆ కేసును 2018లో కొట్టేశారు.

అదే 2018 ఫిబ్రవరిలో లండన్ టైమ్స్ పత్రిక ఆక్స్‌ఫామ్ గుట్టు విప్పింది. 2010 భూకంపం తర్వాత హైతీలో సంస్థ అద్దె బంగళాకు వేశ్యలను రప్పించారన్న ఆరోపణపై 2011లోనే లోపల విచారణ జరిగింది. నలుగురిని తొలగించారు, దేశ డైరెక్టరు సహా ముగ్గురు రాజీనామా చేసి వెళ్లిపోయారు. బయటికి చెప్పినప్పుడు దుష్ప్రవర్తన అన్నారు గానీ ఎలాంటిదో చెప్పలేదు. బంగళా సంగతి కంటే నన్ను ఎక్కువ నిలవేసింది ఆ డైరెక్టరు ఉద్యోగ ప్రస్థానం. ఫిర్యాదుల మధ్య 2004లో లైబీరియాలో ఒక సంస్థను వదిలాడు. ఆక్స్‌ఫామ్‌లో చేరి చాద్, ఆ తర్వాత హైతీ. అక్కణ్నుంచీ తప్పుకున్నాక మరో సంస్థలో బంగ్లాదేశ్. పాత యజమాని చెప్పడు, కొత్త యజమాని అడగడు. విపత్తు వచ్చినప్పుడు అనుభవజ్ఞుడు రేపటికల్లా విమానం ఎక్కాలి, పాత చిట్టా తిరగేసే తీరిక ఎవరికి? ఏడు వేల మంది నెలవారీ దాతలు ఆక్స్‌ఫామ్‌కు చందా ఆపేశాకే ఈ ప్రశ్నకు విలువ వచ్చింది. అభ్యర్థి గత దుష్ప్రవర్తనను పాత యజమానులను అడిగి తెలుసుకునే ఉమ్మడి పథకం 2019లో మొదలైంది. వచ్చిన సంస్కరణల్లో నిజంగా పనికొచ్చేది ఇదేనని నా అభిప్రాయం. బాధితురాలి నోటిమాట కోసం ఎదురుచూడకుండా పనిచేసే ఏర్పాటు ఇది.

మిగతావి చాలావరకు ఆ నోటిమాట మీదే ఆధారపడ్డవి. శిబిరం ఆఫీసు గోడకు ఫిర్యాదుల పెట్టె బిగిస్తారు. రాయడం రానివాళ్లకు అదెందుకు? ఆ ఆఫీసులోనే కూర్చునే మనిషి మీద ఫిర్యాదైతే ఎలా? పిల్లలు ఎందుకు చెప్పరో సేవ్ ద చిల్డ్రన్ 2008లోనే పూసగుచ్చినట్టు రాసింది: సాయం ఆగుతుందని, పరువు పోతుందని, పగ తీర్చుకుంటారని, అసలు ఎవరికి చెప్పాలో తెలియక.

ఇన్ని పాఠాల తర్వాత తూర్పు కాంగో పట్టణం బేనీ వంతు వచ్చింది. ఆ ప్రాంతంలో 2018 ఆగస్టు నుంచి 2020 జూన్ దాకా దాదాపు 2,300 మందిని పొట్టన పెట్టుకున్న ఎబోలా. కోట్ల డాలర్లతో వచ్చిన బృందాలకు వంటవాళ్లు, ఊడ్చేవాళ్లు, చేతులు కడిగించేవాళ్లు కావాలి. ఆ చిన్న ఉద్యోగాలకే బేరం పెట్టారని 51 మంది మహిళలు చెప్పిన మాటలను ద న్యూ హ్యుమానిటేరియన్, థామ్సన్ రాయిటర్స్ ఫౌండేషన్ విలేఖరులు 2020లో ప్రచురించారు. స్వతంత్ర కమిషన్ మరుసటి ఏడాది 83 మంది నిందితులను గుర్తించింది. అందులో 21 మంది ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించినవారే. ఒక అమ్మాయి విషయంలో 2019లోనే ఒక డాక్టరు మీద పైదాకా ఫిర్యాదు వెళ్లింది. ఆ అమ్మాయి సంస్థ నుంచి సాయం పొందిన మనిషి కాదు గనక నిబంధన ఆమెకు వర్తించదన్నారట. నియమం ఎంత పకడ్బందీగా రాసినా అందులోంచి దూరే సందు వెతికేవాళ్లకు కొదవ లేదు.

తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ బాధితుల కోసం 20 లక్షల డాలర్ల నిధి పెట్టింది. కనీసం 104 మంది మహిళలకు తలా 250 డాలర్లు ముట్టాయనీ, దానికోసం వాళ్లు ఏదో ఒక చేతిపని శిక్షణ పూర్తి చేయాల్సి వచ్చిందనీ అసోసియేటెడ్ ప్రెస్ 2023లో రాసింది. కాంగో రాజధానిలో కొందరు ఐరాస అధికారుల ఒక్కరోజు ఖర్చుల కన్నా అది తక్కువ. దాదాపు డజను మంది మహిళలు ఇస్తామన్నది తీసుకోలేదు. గుర్తించిన బాధితుల్లో మూడోవంతు మంది ఎక్కడున్నారో తెలియలేదని సంస్థ చెప్పింది.