సర్ది ఖాతా

నా మందుల షాపులో గల్లాపెట్టె కింది అరలో ఒక పొడుగాటి నోటుబుక్కు ఉంది. అట్ట మీద నా చేతిరాతతోనే ‘2020: జరం, సర్ది, దగ్గు’ అని ఉంటుంది. ఉద్దెర ఖాతా పక్కన పెట్టినందుకు మా ఇంట్లో దానికి సర్ది ఖాతా అని పేరు పడింది. రెంటికీ ఒక తేడా ఉంది. ఉద్దెర ఖాతాలో పేర్లన్నీ నిజం, డబ్బు సంగతే అనుమానం. సర్ది ఖాతాలో డబ్బంతా నగదు, పేర్లే అనుమానం.

తెలంగాణలో మొదటి కరోనా కేసు 2020 మార్చి 2న తేలింది. దుబాయి పోయి బెంగళూరు మీదుగా హైదరాబాదు వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఏప్రిల్ మూడో వారానికల్లా మున్సిపల్ శాఖ ఒక ఆదేశం ఇచ్చింది: జ్వరానికి, జలుబుకు, దగ్గుకు గోళీలు కొనేవాళ్ల పేరు, ఫోన్ నంబరు, అడ్రసు మందుల షాపులవాళ్లు రాసిపెట్టుకోవాలని. దవాఖానకు రాకుండా గోళీ మింగి దాచుకుంటున్నవాళ్లను పట్టుకోవడం దాని ఉద్దేశం. పక్కన ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే పద్ధతి పెట్టారు. ఆ ఆదేశం పట్టణాల కోసం రాసినది, మా ఊరు తొగుటేమో గ్రామపంచాయతీ. అయినా లైసెన్సు మీద బతికేవాడికి పట్టణమేంది, పల్లెయేంది? ఆ సాయంత్రమే స్కేలుతో గీతలు కొట్టి గడులు చేశాను.

మొదటి గిరాకీ మా వాడకట్టు పెద్దమనిషి. ముక్కు ఎర్రగా ఉంది, కండువాతో తుడుచుకుంటున్నాడు.

“పేరు రాయాలె కాకా.”

“ఎందుకు బిడ్డా? గోళీ నాకు కాదు, బర్రెకు.”

బర్రెకు పారాసిటమాల్ ఎన్ని వేస్తారో నేనడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆ తర్వాత వచ్చినామె నడుము నొప్పి అన్నది. ఇంకొకాయన మా అల్లునికి అన్నాడు, ఆ అల్లుడేమో లాక్‌డౌన్‌లో షోలాపూర్‌లో ఇరుక్కుని ఉన్నాడు. నెల తిరిగేసరికి నా పుస్తకం ప్రకారం తొగుటలో ఒక్కరికీ సర్ది లేదు. నడుము నొప్పులు మాత్రం ఊరంతా లేచాయి. గల్లాలో చూస్తే సెట్రిజిన్ అమ్మకం ఏ యేడాదీ లేనంత.

అప్పట్లో నాకు కోపం వచ్చేది. ఇప్పుడు ఆ పేజీలు తిప్పుతుంటే కోపం రాదు. పేరు చెప్పిన మనిషికి ఏం దొరికేదో చూడండి. ఏప్రిల్ 9న దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ ఇచ్చిన నిబంధనల్లో, కేసులు గుంపుగా ఉన్న చోట్ల అయితేనే ఫ్లూ లక్షణాలున్నవాళ్లకు పరీక్ష. మేలో వాళ్లు రాసిన లెక్కలో ఫ్లూ లక్షణాలంటే 38 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గని జ్వరం, దానికి తోడు దగ్గు. ఉత్త ముక్కు కారడం అందులోకి రాదు. అంటే మా కాకా నిజం చెప్పి ఉంటే పేరు పుస్తకంలోకి ఎక్కేది, పుల్ల మాత్రం ముక్కులోకి వెళ్లేది కాదు. ఇంటి గేటుకు కాగితం, చుట్టుపక్కల గుసగుస, ఇవే మిగిలేవి. అడిగిన వాళ్లందరికీ పరీక్ష చేయొచ్చని ఐసీఎంఆర్ అన్నది సెప్టెంబరు 4న. ఈలోగా పరీక్షలు పెంచండని రాష్ట్ర ప్రభుత్వానికి హైకోర్టు మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

దాచుకోవడం మాకు కరోనా నేర్పింది కాదు. మా నాయనమ్మ పిల్లలను బెదిరించే మాటల్లో దయ్యం కంటే పెద్దది ఇంకోటి ఉండేది: “కోరంటికి తోలుతరు!” హైదరాబాదు నల్లకుంటలోని ఫీవర్ హాస్పిటల్‌ను మా తరం దాకా కోరంటి దవాఖాన అనే పిలిచారు. నిజాం కాలంలో ప్లేగు, కలరా వచ్చినవాళ్లను జనం నుంచి వేరుచేసి ఉంచడానికి పుట్టిన దవాఖాన అది. క్వారంటైన్ అనే మాట మన నోళ్లలో నలిగి కోరంటి అయింది. తర్వాత దానికి సర్ రోనాల్డ్ రాస్ పేరు పెట్టారు. సికింద్రాబాదులో 1897లో దోమ కడుపులో మలేరియా గుట్టు పట్టుకున్న ఆయన. బోర్డు మీద పేరు మారింది, నాయనమ్మ నోట్లో మారలేదు. 2020లో టీవీలో కరోనా, క్వారంటైన్ అని పొద్దుమాపు వినబడుతుంటే మా అమ్మ ఒకటే అన్నది: “మళ్ల కోరంటి వచ్చింది గదరా.”

ఆ భయానికి చట్టం కూడా తోడుంది. బొంబాయి ప్లేగు నాడు, 1897 ఫిబ్రవరిలో, ఇంగ్లీషువాళ్లు అంటువ్యాధుల చట్టం చేశారు. ఇల్లిల్లూ సోదా చేయడం, మనిషిని పట్టుకుపోవడం, సామాను తగలబెట్టడం అంతా దాని నీడలో జరిగింది. పుణేలో ఆ సోదాలు నడిపిన ర్యాండ్ అనే అధికారిని జూన్‌లో చాపేకర్ సోదరులు కాల్చారు. నూటఇరవై మూడేండ్ల తర్వాత, 2020 మార్చిలో, మన రాష్ట్రం కరోనా నియమాలు తెచ్చింది ఆ చట్టం కిందనే.

పల్లెల్లో సోదాలు చేసే దొరలు లేకపోయినా జనమే తమ పద్ధతి పెట్టుకున్నారు. గత్తర వచ్చిందంటే ఊరు ఖాళీ చేసి చెలకల్లో గుడిసెలు వేసుకునేవాళ్లు. గత్తర అంటే కలరా. రోగం పోయినా మాట ఉండిపోయింది, ఎవడైనా లొల్లి చేస్తే ‘గత్తర లేపిండు’ అంటాం. సల్లబడ్డాక పోచమ్మకు బోనం ఎత్తి మళ్లీ ఇండ్లకు వచ్చేవాళ్లు. లష్కర్ బోనాల కథ కూడా 1813 నాటి గత్తర దగ్గరే మొదలవుతుంది. అమ్మవారు పోస్తే ఒక దేవత, గత్తరకు ఒక దేవత. నాకు ఒక అనుమానం: సర్దికి మాత్రం ఏ దేవతా ఎందుకు లేదు? వాయిలాకు ఆవిరి, మిరియాల కషాయం, అంతే. సర్దిని రోగం కింద మేమెప్పుడూ లెక్కపెట్టలేదు. అలాంటి దాన్ని ఒక్క రాత్రిలో నేరం కింద రాయమంటే ఎవరు రాయిస్తారు?

1918లో ఆ లెక్క ఒకసారి తప్పింది. ఆ జూన్‌లో బొంబాయిలో మొదలైన ఫ్లూ చాలామందికి మూడు రోజుల జ్వరమై పోయింది. సెప్టెంబరు, అక్టోబరుల్లో మళ్లీ వచ్చినప్పుడు మనుషులను ఊడ్చింది. వానలు లేని కరువు యేడు అది. దేశం మొత్తం మీద కోటికి పైనే చచ్చారని అంచనా. మామూలు సర్ది ఏదో, చంపే సర్ది ఏదో విడదీసి చెప్పే పరీక్ష అప్పుడు భూమ్మీదే లేదు. మనిషికి వచ్చే ఆ వైరస్‌ను మొదటిసారి పట్టుకున్నది 1933లో. మాకు 2020లో పరీక్ష ఉంది. పేరు చెప్పే ధైర్యమే లేదు.

పేరు చెప్పించడానికి ఇంకో దారి కూడా మన దేశంలోనే ఉండింది. మశూచి చివరి దశలో, 1975లో, కేసు ఎక్కడైనా మిగిలి ఉంటే చూపించండి, బహుమతి ఇస్తాం అని ప్రభుత్వం ప్రకటించింది. ఆ మొత్తం పెరిగి పెరిగి 1000 రూపాయలైంది. ఆనాటి వెయ్యి! దాచుకునే రోగాన్ని జనమే వెతకడం మొదలుపెట్టారు. 1977లో భారతదేశంలో మశూచి లేదని లోకం ఒప్పుకుంది. నా సర్ది ఖాతాకు అలాంటి గడి ఒక్కటి కూడా లేదు, ఏమిస్తారో రాసే గడి.

2020 జూలై నుంచి మా పక్క యాంటీజెన్ కిట్లు వచ్చాయి. పావుగంట, అరగంటలో ఫలితం. ఐసీఎంఆర్ జూన్‌లో ఒప్పుకున్న ఆ కిట్టుకు రోగమున్న వందమందిలో 50 నుంచి 84 మందిని పట్టే శక్తి ఉంది. పాజిటివ్ వస్తే నమ్మొచ్చు. నెగెటివ్ వచ్చి లక్షణాలుంటే ఆర్టీపీసీఆర్‌కు పోవాలి. ఈ రెండో ముక్క ఎంతమందికి చేరిందో నాకు తెలుసు. నెగెటివ్ కాగితం చేతికి రాగానే నేరుగా దావత్‌కు పోయినవాళ్లు నా షాపు ముందునుంచే పోయారు.

ఇంతకూ నేనేం చేశాను? ఆగస్టులో నాకు సర్ది చేసింది. జరం లేదు, గొంతులో గరగర, అంతే. ఇంట్లో అమ్మకు షుగరు, డెబ్బై దాటింది. అందరి పేర్లూ రాసిన నేను నా పేరు నా పుస్తకంలో రాసుకోలేదు. షాపు మూస్తే గిరాకీ పోతుందని రెండు రోజులు మాస్కు బిగించి కౌంటర్ వెనకే నిలబడ్డాను. మూడో రోజు అమ్మ తుమ్మింది. అప్పుడు పోయాను. ఆ కేంద్రం పేరెందుకు గానీ, నాకు పాజిటివ్ అని నేను ఇల్లు చేరకముందే మా వాడకట్టు వాట్సాప్ గ్రూపులో నా పేరు చేరింది. పాలు పోసే పిల్లగాడు మరునాడు రాలేదు. అమ్మ బతికింది, అది నా అదృష్టం, నా తెలివి కాదు. కాకా బర్రె కథ నేను మళ్లీ ఎవరికీ నవ్వుతూ చెప్పలేదు, ఇప్పుడు తప్ప.

ఆ యేడు నవంబరు 3న దుబ్బాక ఉప ఎన్నిక. మా మండలం ఆ నియోజకవర్గంలోదే. సర్ది ఉన్నవాడు ఇంట్లో ఉండాలని అంతకుముందు దాకా మైకుల్లో చెప్పిన ఊళ్లల్లో, ఆ అక్టోబరంతా వేరే మైకులు తిరిగాయి. గుంపులు, జెండాలు, దగ్గులు. 1079 ఓట్ల తేడాతో ఫలితం తేలింది. ఆ నెల నా నోటుబుక్కులో రెండే పేర్లు ఉన్నాయి. పుస్తకాన్ని అడగడానికి అసలు ఎవరూ రాలేదు కూడా.

2021 మేలో పద్ధతి తిరగబడింది. రెండో అల వచ్చి కిట్లకోసం లైన్లు కట్టే రోజులు. అప్పుడు సర్కారు జ్వర సర్వే పెట్టింది. ఆశాలు, ఏఎన్ఎంలు, పంచాయతీవాళ్లు ఇంటింటికీ వచ్చి, జరమా, దగ్గా, సర్దా అని అడిగి, ఉందంటే అక్కడే ఒక మందుల సంచి ఇచ్చారు. పరీక్ష దాకా ఆగలేదు. నిరుడు నడుము నొప్పి అన్నామె ఈసారి గడపలోకి వచ్చి, “నాకు సర్ది, మా ఆయనకు జరం, రెండు సంచులియ్యి బిడ్డా” అని అడగడం నేను చూశాను. అడగడం మారితే జవాబు మారింది. ఆ సంచిలో అజిత్రోమైసిన్ కూడా ఉండేది. కరోనాకు దాంతో లాభం లేదని బ్రిటన్‌లో పెద్ద పరీక్షలు అప్పటికే తేల్చాయి, నా లాంటివాళ్లకు ఆ వార్త ఆలస్యంగా చేరింది. సంచి ఇవ్వడంలో ఇంకో లోటు, ఎవరిది సర్దో ఎవరిది కరోనానో తెలియకపోవడం. ఆ చీకట్లోనే కొందరు మామూలు జలుబుకు స్టెరాయిడ్ గోళీలు తెమ్మని నా దగ్గరకు చీటీ లేకుండా వచ్చారు. బ్లాక్ ఫంగస్ వార్తలు విన్నాక కొందరు మానుకున్నారు, కొందరు వేరే షాపుకు పోయారు.

2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చింది, అచ్చం సర్దిలాగే: ముక్కు కారడం, గొంతు నొప్పి. అప్పటికి ఇంట్లోనే చూసుకునే కోవిసెల్ఫ్ కిట్టు వచ్చేసింది, పుణే మైల్యాబ్‌ది, 250 రూపాయలు. లక్షణాలు లేని కాంటాక్టులకు, అరవై దాటినవాళ్లో ఇతర జబ్బులున్నవాళ్లో కాకపోతే, పరీక్ష అక్కర్లేదని జనవరి 10న ఐసీఎంఆర్ చెప్పింది. లక్షణాలున్నవాళ్ల మాట వేరు. జనం మాత్రం మొదటి ముక్కే విన్నారు. “ఇగ పరీక్షలు బంద్ అంటగా అన్నా?” అని అడిగేవాళ్లు. నేను తిరిగి ఒకటే అడిగేవాడిని: “ఇంట్ల ముసలోళ్లున్నరా?” ఉన్నారంటే కిట్టు ఇచ్చేవాడిని, పేరు అడక్కుండా, కాగితంలో చుట్టి. ఆ నెల అమ్మిన కిట్లు చాలానే. పేరు రాయని షాపులోనే నిజం ఎక్కువ పలికిందని నా లెక్క.

ఆ ఫిబ్రవరి 23న మల్లన్నసాగర్‌ను జాతికి అంకితం చేశారు, 50 టీఎంసీల చెరువు. దానికి ముందే, కరోనా నడుస్తుండగానే, మా మండలంలో వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్, లక్ష్మాపూర్ లాంటి ఊళ్లు ఆ ముంపు కింద ఖాళీ అయ్యాయి. జనం గజ్వేల్ దగ్గరి కాలనీలకు పోయారు. నా పుస్తకంలో అడ్రసు గడి తిప్పితే ఆ ఊళ్లే వరసగా కనబడతాయి.

పోయిన యేడు వేములఘాట్ నుంచి పోయినాయన ఒకరు పని మీద వచ్చి షాపులో కూర్చున్నాడు. మాటల్లో పుస్తకం సంగతి వచ్చి, తీసి ముందు పెట్టాను. అద్దాలు పెట్టుకుని వేలితో గడులు వెంబడి పోయాడు. ఒక చోట ఆగాడు.

“ఇది నేనే. పేరు మా పాలోనిది రాయించిన. ఫోన్ నంబరు గూడ తప్పే.” కాసేపు చూశాడు. “ఊరు మాత్రం నిజమే చెప్పిన.”

లేస్తూ సర్ది గోళీలు ఒక షీటు అడిగాడు. ఎవరికని నేనడగలేదు.