బార్డ్ ప్లిమత్ రాక్

అమెరికాలో పుట్టిన పాతకాలపు కోడిజాతి. ఈకల మీద నలుపు తెలుపు అడ్డచారలు, అయిదు మొనల ఎర్రజుట్టు, పసుపు కాళ్లు దీని గుర్తులు. 1874 నాటి కోడిజాతుల తొలి అమెరికన్ ప్రమాణ గ్రంథంలోనే దీనికి చోటు దక్కింది. ఎదిగిన పుంజు సుమారు 4.3 కిలోలు, పెట్ట 3.4 కిలోలు తూగాలి.

చారల జన్యువు లింగ క్రోమోజోముపై ఉంటుంది. పుంజులో రెండు ప్రతులు, పెట్టలో ఒక్కటే కాబట్టి పుంజు ఈక సహజంగానే లేతగా ఉంటుంది. ప్రదర్శనలో మాత్రం రెండూ ఒకే ఛాయలో కనిపించాలి. అందుకే నిపుణులు పుంజుల కోసం ఒక వంశాన్ని, పెట్టల కోసం మరో వంశాన్ని విడివిడిగా పెంచేవారు. ఎంతో ఓర్పు కావలసిన అద్భుతమైన విద్య ఇది!

హేచరీ పిల్లలను ఎక్కువగా గుడ్ల దిగుబడి చూసి ఎంచుతారు. పోటీకి తగిన కోడి కావాలంటే తల్లిదండ్రుల వివరాలు రాసిపెట్టే పెంపకందారు దగ్గరే కొనడం మేలు.