తుప్పుపట్టిన స్పోర్ట్స్ కారు: ఉద్ధరణకు తొలి మెట్టు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. వారి కాలంలో మోటారు కార్లు ఉండి ఉంటే పాత కారును బాగుచేసి చూడు అనే మూడవ మాటను కూడా తప్పక చేర్చి ఉండేవారు. ఏళ్ళ తరబడి కొట్టంలో మూలబడి తుప్పుపట్టిన స్పోర్ట్స్ కారును మరల రోడ్డు మీదికి తేదలచిన వానికి మొట్టమొదట ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: పని ఎక్కడ మొదలుపెట్టవలె? ఇంజనుతోనా, రంగుతోనా, చక్రాలతోనా? ఈ ప్రశ్నకు సమాధానం పనిముట్ల పెట్టెలో దొరకదు. ఆ కారును ఏ కాలంలో ఏ పద్ధతిని నిర్మించారో ఆ చరిత్రలో దొరుకుతుంది. ఇంగ్లండులో తయారైన ఎమ్.జి. కార్ల చరిత్ర ఇందుకు చక్కని నిదర్శనం.

ఆక్స్‌ఫర్డు నగరంలో మోరిస్ గ్యారేజెస్ అనే సంస్థ ఉండేది. ఆ పేరులోని తొలి అక్షరాలే ఎమ్.జి. ఆ సంస్థకు మేనేజరుగా ఉన్న సెసిల్ కింబర్, సామాన్యమైన మోరిస్ కార్ల భాగాలతోనే చురుకైన చిన్న కార్లను తయారు చేయించి వాటికి కీర్తి తెచ్చాడు. 1929లో కర్మాగారం ఆబింగ్డన్ పట్టణానికి తరలినది. నాటి కార్ల నిర్మాణం మన ఎడ్లబండి నిర్మాణాన్ని గుర్తుకు తెస్తుంది. అడుగున బలమైన ఉక్కు చట్రం. దానికి ఇరుసులు, ఇంజను బిగించేవారు. ఆ చట్రం మీద యాష్ అనే జాతి కర్రతో వడ్రంగి ఒక గూడు కట్టేవాడు. ఆ గూటికి పలుచని రేకులు తొడిగేవారు. 1945 నుంచి 1949 వరకు తయారైన టి.సి. అనే కారు కూడా ఈ పద్ధతిలో పుట్టినదే. అటువంటి కారును ఉద్ధరించవలెనంటే చట్రం వంకర పోయినదా, కర్ర పుచ్చినదా అని చూడడమే మొదటి పని. రేకు ఎంత చెడినా కారు కూలిపోదు. గూటిని పైకెత్తి పక్కన పెట్టి, చట్రాన్ని శుభ్రపరచి, వడ్రంగిని పిలిచేవారు.

1955లో వచ్చిన ఎమ్.జి.ఎ. కారుకు ఒడలు ఉక్కుదైనా, అడుగున వేరే చట్రం అలాగే ఉన్నది. 1962లో వెలువడిన ఎమ్.జి.బి. కారుతో కథ మారిపోయినది. సిడ్ ఎనెవర్ ఆధ్వర్యంలో రూపొందిన ఈ కారుకు విడిగా చట్రమే లేదు. మడతలు పెట్టిన ఉక్కు రేకులను ఒకదానితో ఒకటి అతికించి, ఆ ఒడలినే భారం మోసే కట్టడంగా చేశారు. పందిరికి రాటలు కావలె. తాటాకులు పోయినా రాటలు నిలుస్తాయి. కుండకు వేరే రాటలు లేవు. దాని గోడయే దాని బలం. పాత కారు పందిరి వంటిదైతే ఈ కొత్త కారు కుండ వంటిది. ఇందువల్ల బరువు తగ్గినది, లోపల చోటు పెరిగినది. కాని రేకు తుప్పు పట్టినదంటే ఇక పోయేది అందం మాత్రమే కాదు, కారు వెన్నెముకయే పోయినట్లు.

ఆ వెన్నెముక ఎక్కడ ఉన్నది? పైకప్పు గల కారులో కొంత భారాన్ని కప్పు పంచుకుంటుంది. కప్పు లేని స్పోర్ట్స్ కారుకు ఆ సహాయం లేదు. ముందు చక్రాల భాగాన్నీ వెనుక చక్రాల భాగాన్నీ కలిపి నిలబెట్టే పని ప్రధానంగా రెండు తలుపుల కింద, ముందునుంచి వెనుకకు సాగే రెండు ఉక్కు దూలాలది. వాటిని ఇంగ్లీషు పనివారు సిల్ అంటారు. మన మాటలో చెప్పవలెనంటే అది కారుకు గడప. ఎమ్.జి.బి.లో ఈ గడప ఒంటి రేకు కాదు. బయటి రేకు, లోపలి రేకు, వాటి నడుమ నిలువుగా ఒక పలక, అడుగున కోట బురుజు ఆకారంలో మడిచిన మరొక పట్టీ, ఇవన్నీ కలిసి బోలుగా ఉండే ఒక పెట్టె ఏర్పడుతుంది. ఇంట్లో గడప తొక్కరాదంటారు. ఇక్కడ గడపను మరువరాదు.

ఆ బోలుతనమే దానికి శత్రువైనది. ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు కలిసినచోట తుప్పు పుడుతుంది. ఉప్పు తోడైతే ఆ చర్య మరింత వేగం పుంజుకుంటుంది. విశాఖ తీరాన ఇండ్ల కిటికీ ఊచలు ఎంత త్వరగా తినివేయబడతాయో చూచినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. ఇంగ్లండులో చలికాలాన రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు, బురద గడపలోనికి చేరి, నీరు పోవలసిన రంధ్రాలు పూడిపోయి, లోపలనే నిలిచిపోతాయి. కాబట్టి ఈ జబ్బు లోపలినుంచి బయటికి వస్తుంది. బయట రంగు మీద చిన్న పొక్కు కనిపించేసరికి లోపలి పలక జల్లెడయి ఉంటుంది.

బ్రిటిష్ ప్రభుత్వం 1960లో పాత కార్లకు తనిఖీ పరీక్ష ప్రవేశపెట్టినది. 1977లో ఒడలి కట్టడపు దృఢత్వాన్ని కూడా ఆ పరీక్షలో చేర్చారు. నాటినుంచి తుప్పు కారుకు ప్రాణాంతకమైన వ్యాధి అయినది. పరీక్షలో తప్పిన కారును బాగుచేసే ఖర్చు దాని వెలను మించిపోయేది. అందువల్ల కొందరు యజమానులు పుచ్చిన గడప మీదనే కొత్త రేకు కప్పి, గుంటలను పూతముద్దతో పూడ్చి, పైన రంగు వేయించి కాలం గడిపారు. ఇప్పుడు మనకు దొరికే తుప్పుకారులో ఇటువంటి గుట్టు ఎంత దాగి ఉన్నదో తెలుసుకొనుటయే తొలి కార్యం.

దీనికి ఖరీదైన యంత్రాలు అవసరం లేదు. చిన్న అయస్కాంతాన్ని రేకు వెంబడి నడిపితే, ఉక్కు ఉన్నచోట అంటుకుంటుంది, పూతముద్ద ఉన్నచోట జారిపోతుంది. తలుపుకు, దాని వెనుక రేకుకు మధ్య సందు పైనుంచి కిందికి సమంగా ఉన్నదా అని చూడవలెను. కారును ఒకవైపు జాకీతో ఎత్తినప్పుడు ఆ సందు మూసుకుపోయినా, తలుపు బిగిసిపోయినా, గడపలో బలం లేదని నిశ్చయించవచ్చును. పాత ఎమ్.జి.బి.లో సీట్ల వెనుక రెండు ఆరు వోల్టుల బ్యాటరీలు ఉండేవి. వాటి ఆమ్లం చిందిన తావు కూడా పరీక్షింపదగినదే. ఆపైన కారు సంఖ్యా ఫలకాన్ని చూచి నమోదు చేసుకోవలెను. గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం భద్రపరచిన కర్మాగారపు దస్తావేజులనుబట్టి, ఆ కారు ఏనాడు తయారైనది, ఏ రంగుతో ఎక్కడికి పంపబడినది తెలుసుకునే వీలున్నది.

ఇక చేతిపని. ఉత్సాహవంతుడు మొదటిరోజుననే తలుపులు, అద్దాలు, సీట్లు, ఇంజను అన్నీ ఊడదీసి నేలమీద పరుస్తాడు. ఆరు నెలలకు ఏ మర ఎక్కడిదో అతనికే తెలియదు. అట్లా విప్పిన కార్లు ఎన్నో పెట్టెలలో మూటలుగానే చేతులు మారినవి. విప్పిన ప్రతి భాగానికి ఛాయాచిత్రం, చీటీ ఉండవలెను. నిప్పు పనికి ముందు బ్యాటరీలను, పెట్రోలు తొట్టిని తప్పక తొలగించవలెను. ఒడలిని సమతలంగా, కదలని ఆధారాల మీద నిలిపి, తలుపు ఖాళీకి అడ్డంగా ఇనుప బద్దెలు బిగించిన తరువాతనే పాత గడపను కోయవలెను. రెండు గడపలను ఒకేసారి కోసినవాని కారు మధ్యలో కుంగి, మరల సూటికి రావడం దుర్లభం. ఒక పక్క పూర్తిచేసి, తలుపు తగిలించి, సందు సరిచూచి, అప్పుడు రెండవ పక్కకు పోవలెను. పాత రేకును కొత్తది కుదిరేదాకా పారవేయరాదు. కొలతలకు అదే సాక్షి. కడపట బోలు భాగాలలోనికి మైనపు ద్రవాన్ని చిమ్మితే తుప్పు మరల త్వరగా రాదు.

మరి ఇంజను మాటేమి? దానికి తొందర లేదు. ఎమ్.జి.బి.లోని 1798 సి.సి. ఇంజను బి.ఎమ్.సి. సంస్థ బి-వర్గానికి చెందినది. ఆ వర్గంలోనిదే అయిన 1489 సి.సి. ఇంజను మొదటి ఎమ్.జి.ఎ. కార్లలో ఉన్నది, మన హిందూస్థాన్ అంబాసిడర్‌ను కూడా చిరకాలం నడిపినది. 2014లో అంబాసిడర్ ఉత్పత్తి ఆగిపోయేవరకు మన దేశపు మెకానిక్కులకు ఆ కారు చిరపరిచితం. ఆ కుటుంబపు ఇంజను సాదాది, ఓర్పు గలది. బల్ల మీద పెట్టి ఎప్పుడైనా విప్పి బాగుచేయవచ్చును. కుంగిన ఒడలిలో ఎంత మంచి ఇంజను పెట్టినా ప్రయోజనం లేదు.

1980 అక్టోబరులో ఆబింగ్డన్ కర్మాగారంలో చివరి ఎమ్.జి.బి. తయారయ్యే నాటికి ఆ కుటుంబపు కార్లు 5 లక్షలకు మించినవి. వాటిలో ఎన్నో తుప్పుకు ఆహుతి కాసాగినవి. అప్పుడొక అపూర్వమైన సంఘటన జరిగినది. 1975లో ఏర్పడిన బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ, పాత అచ్చులను వెదకి పట్టుకొని, 1988లో ఎమ్.జి.బి. ఒడలిని సరికొత్తగా మరల తయారుచేసి అమ్మసాగినది. పాత కారులోని ఇంజను, ఇరుసులు, సీట్లు తెచ్చి ఈ కొత్త ఒడలిలో అమర్చుకోవచ్చును. గడప సమస్య తీరినది. కాని పెద్ద ధర్మసందేహం పుట్టినది: ఒడలే మారిన తరువాత అది ఆ కారేనా?

ఇటువంటి సందేహమే మరొక కారు విషయంలో 1990లో లండన్ హైకోర్టుకు ఎక్కినది. 1929లోను, 1930లోను లె మాన్ పందెం గెలిచిన బెంట్లీ కారు అది. తరువాతి మార్పులవలన దానిలో 1929 నాటి భాగాలు బహు స్వల్పంగా మిగిలినవి. ఐనప్పటికీ దాని చరిత్ర ఎక్కడా తెగలేదు కనుక అది ఆ కారే అని న్యాయమూర్తి తీర్పు చెప్పారు. ఇక పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఐన ఫీవా 2012లో ట్యూరిన్ నియమావళిని రూపొందించి, మార్చడంకన్న ఉన్నదానిని కాపాడడానికే పెద్దపీట వేసినది. కనుక కోయబోయే ముందు, ఈ రేకును నిలుపుకోగలమా అని ప్రతిసారీ ప్రశ్నించుకోవలెను. నిలుపుకోలేనినాడు ఏమి మార్చినదీ, ఎప్పుడు మార్చినదీ వ్రాసి ఉంచవలెను. ఆ వ్రాతయే కారు చరిత్ర తెగకుండా కాపాడే దారం.

ఉద్ధరణ ఫలించినదనడానికి మెరిసే రంగు గుర్తు కాదు. గడపలు రెండూ అతికిన తరువాత, రంగు పూయకముందే, ఆధారాలు తీసివేసి కారును తన చక్రాల మీద నిలిపి, తలుపును ఒక్క వేలితో నెట్టి చూడవలెను. ఎక్కడా ఒరుసుకోకుండా అది సుతారంగా మూతపడితే, ఇక ఇంజను పని మొదలుపెట్టవచ్చును.